పదిహేడో నంబరు పొయ్యి

ఆ జిల్లాలో వలస కూలీలకు ఏ జబ్బూ లేదు. ఇదేదో నోటిమాట కాదు. అంతకుముందు జరిగిన ఆరోగ్య సర్వే లెక్క తేల్చి, రంగురంగుల బొమ్మలతో పుస్తకం అచ్చేసి మరీ చెప్పిన సంగతి. రక్తహీనత సున్నా, మధుమేహం సున్నా, క్షయ సున్నా. అంత గట్టిగా ఎలా చెప్పగలిగారంటే, ఆ సర్వేలో వలస కూలీని ఒక్కరిని కూడా ఏమీ అడగలేదు. తలుపు మీద నంబరున్న ఇళ్ళకే వెళ్ళమన్నారు, వెళ్ళారు. తలుపే లేనివాళ్ళ జోలికి పోలేదు.

ఆ పుస్తకం చూసి పైవాళ్ళకు పైవాళ్ళు ముక్కున వేలేసుకున్నారట. ఏటా మిరప కోతలకు వేల మంది దిగే జిల్లాలో ఒక్కరికీ దగ్గయినా లేకపోవడమేమిటని అడిగారట. అడిగిందే తడవు, కొత్త సర్వే పుట్టింది. దాని పేరు సర్వజన సమ్మిళిత ఆరోగ్య సర్వే. దాని సర్క్యులరు మొదటి వాక్యం, 'ఏ ఒక్కరినీ విడిచిపెట్టరాదు.'

తుమ్మలవరం సబ్‌సెంటరులో పంతొమ్మిదేళ్ళుగా నర్సు ఉద్యోగం చేస్తున్న కృపావతి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, కాగితం మడిచి హ్యాండుబ్యాగులో పెట్టుకుంది. ఏటా మాఘంలో ఎక్కడో పడమటి దిక్కు నుంచి లారీల మీద వచ్చి, కాలవ పక్క బీడులో గుడారాలు వేసుకునే జనాన్ని ఆమె పంతొమ్మిదేళ్ళుగా చూస్తోంది. వాళ్ళకు జ్వరం బిళ్ళలిచ్చేది. కానీ రిజిస్టరులో వాళ్ళ పేర్లు రాయడానికి వీల్లేదు, ఊరివాళ్ళు కారు కదా. అందుకని ఊళ్ళో ఎవరో ఒకరి పేరు మీద రాసేది. ఆ లెక్కన సర్పంచి గారి తల్లికి ఒక్క ఫిబ్రవరి నెలలోనే పదకొండుసార్లు జ్వరం వచ్చింది. ముసలావిడ మాత్రం నిక్షేపంగా ఉంది.

"ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది మా డిపార్టుమెంటుకి" అనుకుంది కృపావతి. ఆ మాట తొందరపడి అనుకుందని పాపం ఆమెకు అప్పుడు తెలియదు.

*

సర్వే పుస్తకంలో అన్నిటికీ నిర్వచనాలున్నాయి. 'కుటుంబమనగా ఒకే పొయ్యిపై వండుకొని భుజించు వ్యక్తుల సముదాయము' అన్నారు. బాగానే ఉంది. 'కుటుంబ సంఖ్యను నివాసము యొక్క స్థిరమైన భాగముపై ఎర్ర రంగుతో వ్రాయవలెను' అన్నారు. ఇక్కడొచ్చింది చిక్కు.

కృపావతి ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకుని బీడులోకి వెళ్ళేసరికి అక్కడ ఇరవై మూడు గుడారాలున్నాయి. నాలుగు కర్రలు పాతి, మీద నీలం టార్పాలిన్ పట్ట కప్పి, అంచుల మీద మట్టిపెళ్ళలు పెట్టుకున్నారు. ఆమె మొదటి పట్ట మీద కుంచె ఆనించబోయింది. ముఠా మేస్త్రి ఈరన్న పరిగెత్తుకొచ్చాడు.

"పట్ట మింద రాయద్దు మేడమ్. ఈడ కోత అయితానే మడత పెట్టుకోని పోతాము. ఇంకో ఊర్లో ఇంకెవురన్నా వేరే నంబరు రాస్తే మేము ఎవురని చెప్పుకోవాల?"

మాట సబబుగానే ఉంది. కృపావతి జిల్లా సమన్వయాధికారి దక్షిణామూర్తి గారికి ఫోను చేసింది. దక్షిణామూర్తి గారు ఏ సమస్యనైనా నిర్వచనంతో పరిష్కరించగల మనిషి. ఆయన జేబులో పెన్నుకన్నా ముందు నిర్వచనాల పుస్తకం ఉంటుంది.

"కర్రల మీద రాయవచ్చు కదమ్మా?"

"కర్రలూ ఎత్తుకుపోతారు సార్."

"గోడలు?"

"లేవు సార్."

"తలుపుకు బదులుగా వ్రేలాడదీసిన గోనెపట్టా వగైరా?"

"అది కూడా చుట్టేసుకుంటారు సార్."

ఫోనులో కాసేపు పేజీలు తిప్పిన చప్పుడు వినిపించింది. "అయితే ఒక మౌలికమైన ప్రశ్న అడుగుతాను, ఆలోచించి చెప్పు. వాళ్ళు ఇక్కణ్ణుంచి నిష్క్రమించేటప్పుడు ఇక్కడ ఏం వదిలిపెట్టి వెళతారు?"

కృపావతి ఆలోచించకుండానే చుట్టూ చూసింది. ప్రతి గుడారం ముందూ మూడేసి నల్లరాళ్ళు, మధ్యలో బూడిద.

"పొయ్యిరాళ్ళు సార్" అంది. ఆ ఒక్క మాట అన్నందుకు తరవాత చాలాసార్లు నాలుక కరుచుకుంది.

అవతల దక్షిణామూర్తి గారు ఉప్పొంగిపోయారు. "చూశావా! కుటుంబమనగా పొయ్యి. స్థిరమైన భాగమూ పొయ్యే. నిర్వచనమే మనకు దారి చూపించింది. ఈ వెసులుబాటు రాష్ట్రంలో ఎవరికీ తట్టి ఉండదమ్మా! వెంటనే ప్రొసీడింగ్స్ ఇస్తున్నాను."

సాయంత్రానికి ప్రొసీడింగ్స్ వచ్చేశాయి. ఒక్కో పొయ్యికి మూడు రాళ్ళు కనుక అ, ఆ, ఇ అని ఉప సంఖ్యలు కూడా వేయాలి. ప్రతి రాయినీ ఎదుటి నుంచి ఫొటో తీసి ఫోనులోని సర్వే యాప్‌లోకి ఎక్కించాలి. మనుషుల ముఖాలు గుర్తుపట్టడానికి ఎవరో తయారుచేసిన యాప్ అది. కాస్త మార్చి రాళ్ళ ముఖాలు గుర్తుపట్టేలా చేశారు. రాళ్ళు కనురెప్ప వేయవు, నవ్వవు, పక్కకు తిరగవు కనుక మనుషులకన్నా వాటితోనే ఆ యాప్ బాగా పనిచేసింది. ఒక ఊరివాళ్ళ నంబరు ఇంకో ఊరివాళ్ళు రాసుకుని మోసం చేయకుండా ఇదొక కట్టుదిట్టం.

*

పదిహేడో నంబరు పొయ్యి ఉరుకుందమ్మది. ముప్పై రెండేళ్ళ మనిషి. చేతులు మోచేతుల దాకా మిరప మంటకు ఎర్రగా ఉన్నాయి. కృపావతి ఆమె ఎదురుగా గోనెసంచి మీద కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. ప్రశ్నలు ఆమె సొంతం కాదు, ఉన్నవి ఉన్నట్టు చదవాలి. ఒక్కటి వదిలినా యాప్ ముందుకు కదలదు.

"మీ ఇంటి నేల గచ్చా, టైల్సా, పాలరాయా?"

ఉరుకుందమ్మ కిందికి చూసుకుంది. "మన్ను అక్కా."

"ఇంట్లో పడకగదులెన్ని?"

ఆమె గుడారం వైపు తిరిగి చూసింది. "యాడనుంచి లెక్క పెట్టాల?"

"మరుగుదొడ్డి మీ కుటుంబానికే సొంతమా, ఇతరులతో కలిసి వాడతారా?"

ఉరుకుందమ్మ కనుచూపు మేరా ఉన్న బీడు వైపు చెయ్యి చూపించింది. "శానామంది వాడతారు అక్కా. అందరం సర్దుకోని పోతాము."

ఇద్దరూ నవ్వారు. నవ్వు మధ్యలో ఉరుకుందమ్మకు దగ్గు పట్టుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగి దగ్గింది. అది మామూలుగా ఆగే దగ్గులా లేదు. ఈరన్న దూరం నుంచే అన్నాడు, "మిరప ఘాటు మేడమ్. ఈడ అందరికీ ఉండేదే."

అదీ నిజమే. పక్కనే కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. అందరూ దగ్గుతున్నారు, కృపావతి కూడా అప్పటికే ఆరుసార్లు తుమ్మింది. ఆ ఘాటులో అసలు దగ్గేదో, కాయల దగ్గేదో కనిపెట్టడం ఎవరి తరం? అందుకే మిరప కోతకు వచ్చినవాళ్ళ దగ్గును ఎవరూ పట్టించుకోరు, ఆఖరికి దగ్గేవాళ్ళు కూడా.

కృపావతికి ఆ కిటుకు తెలుసు. "అమావాస్యకు కోత పెట్టుకోరు కదా. ఆ రోజు కూడా దగ్గుతావా?"

"ఆ పొద్దు గూడా. పండుకుంటే ఇంగా ఎక్కువ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మా ఊర్లో శెనక్కాయ పీకినప్పటి నుంచి."

అంటే మూడు నెలల పైమాట. రవికె చేతులు వదులై వేలాడుతున్నాయి. "అన్నం తినబుద్ధి కాదక్కా, సాయంత్రమైతే ఒళ్ళు ఎచ్చగా అయితాది" అంది. ఇంటి దగ్గర ఆరేళ్ళ కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చిందట. రాత్రిళ్ళు ఫోనులో మాట్లాడాలన్నా దగ్గు అడ్డమొస్తుంటే, పిల్ల 'అమ్మా, నువ్వు మాట్లాడద్దులే, నేను మాట్లాడతా' అంటుందట.

కృపావతి చిన్న డబ్బా ఇచ్చి కళ్ళె పట్టించుకుని, మూత బిగించి, ఆమె ముఖం ఫొటో కూడా యాప్‌లోకి ఎక్కించి, పరీక్షకు పంపించింది. "ఏం కాదు. టీబీ అయినా ఆరు నెలలు బిళ్ళలు వేసుకుంటే పూర్తిగా పోతుంది. నీ పేరు ఈసారి లెక్కలో ఉంది. మందు నీ దగ్గరకే వస్తుంది" అంది. పంతొమ్మిదేళ్ళలో ఆ మాట అనగలగడం అదే మొదటిసారి.

*

మిరపకాయ సర్వేల కోసం ఆగదు. రెండో కోత అయిపోయింది. ఒకరోజు పొద్దున్నే ముఠా లారీ ఎక్కి, నలభై రెండు కిలోమీటర్ల అవతల గరికమళ్ళ అనే ఊరికి వెళ్ళిపోయింది. పట్టలు మడిచారు, కర్రలు పీకారు, గోనెలు చుట్టారు. రాళ్ళను మాత్రం ఎప్పటిలాగే వదిలేశారు. రాళ్ళు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి కదా.

అది జరిగిన రెండోరోజు పరీక్ష ఫలితం వచ్చింది. ఉరుకుందమ్మకు టీబీ. దానితోపాటే నెలకు సరిపడా మందుల పెట్టె కూడా వచ్చింది. పెట్టె మీద అందంగా అచ్చేసి ఉంది: 'పొయ్యి నం. 17, తుమ్మలవరం.' మందు దారి తప్పకూడదని పెట్టెకు నాలుగంకెల తాళం పెట్టారు. రోగి, ఆమె పొయ్యిరాళ్ళు మూడూ ఒకే ఫొటోలో పడితే, యాప్ ముఖాలన్నీ సరిచూసుకుని ఆ నాలుగంకెలూ పంపిస్తుంది. నెల నెలా ఇదే తంతు. ఫొటో లేనిదే తాళం రాదు, ఆ పెట్టె వాడకం కానిదే తరవాతి పెట్టె రాదు.

కృపావతి ఆ పెట్టె పట్టుకుని బీడులోకి వెళ్ళింది. అరవై తొమ్మిది రాళ్ళు ఎర్రటి నంబర్లతో ఎండలో కూర్చుని ఉన్నాయి. మనుషులు లేరు.

ఆమె సరాసరి జిల్లా కేంద్రానికి వెళ్ళి దక్షిణామూర్తి గారి ముందు నిలబడింది.

"సార్, కుటుంబాలు వెళ్ళిపోయాయి."

"ఎక్కడికి?"

"గరికమళ్ళ సార్."

ఆయన నిర్వచనాల పుస్తకం తెరిచారు. "పొయ్యిలు ఉన్నాయా?"

"ఉన్నాయి సార్."

"అన్నీనా?"

"అన్నీ ఉన్నాయి సార్. మనుషులే లేరు."

"అలా గందరగోళపడకూడదమ్మా. కుటుంబమనగా పొయ్యి. పొయ్యి యథాస్థానంలో ఉంది, కనుక కుటుంబం యథాస్థానంలో ఉంది. సభ్యులు తాత్కాలికంగా గైర్హాజరయ్యారు, అంతే. అది వేరే గడి." ఆయన సంబరంగా వెనక్కి వాలారు. "వలస కుటుంబాలను మళ్ళీ పట్టుకోవడం కష్టమని దేశమంతా గోలపెడుతోంది. మన జిల్లాలో నూటికి నూరు శాతం కుటుంబాలు ఎక్కడివక్కడే ఉన్నాయి!"

"సార్, ఆ అమ్మాయికి మందు అందాలి. నేనే గరికమళ్ళ వెళ్ళి ఇచ్చొస్తాను."

"ఏ చిరునామాలో ఇస్తావు?"

"ఆమె ఉన్నచోట సార్."

"ఆమె ఉన్నచోటు చిరునామా ఎలా అవుతుందమ్మా? పొయ్యి ఉన్నచోటే చిరునామా. ఈ మాట బాగా గుర్తుపెట్టుకో." ఆయన వేలు పైకెత్తారు. "పొయ్యి ఉన్నచోటే చిరునామా."

కృపావతి బాగా గుర్తుపెట్టుకుంది.

గరికమళ్ళ ఆరోగ్య కేంద్రానికి ఫోను చేసింది. అక్కడి డాక్టరు మంచివాడే. కంప్యూటరులో పేరు కొట్టి చూసి, "ఈమె తుమ్మలవరంలో పదిహేడో పొయ్యి కింద నమోదై ఉందండి. ఇక్కడ ఇంకోసారి నమోదు చేస్తే ఒకే మనిషికి రెండు జబ్బులున్నట్టు లెక్కవుతుంది. ఒప్పుకోదు" అన్నాడు. ఎవరు ఒప్పుకోరని ఆమె అడగలేదు. అడిగినా కంప్యూటరనే అంటాడు.

*

ఇక అక్కణ్ణుంచి ఆ రాళ్ళకు పట్టిన యోగం చూడాలి.

రెండో విడత సర్వే దాకా కుటుంబాలు చెక్కుచెదరకూడదని బీడు చుట్టూ ఇనుప కంచె వేశారు. ఎండకు రంగు వెలిసిపోతుందని ఆకుపచ్చ వల కప్పారు. ఇన్నాళ్ళూ మనుషులకు లేని నీడ రాళ్ళకు దొరికింది. బీడు ఆసామి వేసవి దుక్కి దున్నుకుంటానని నాగలి కట్టిన ట్రాక్టరు తెస్తే ఆయన చేతికి నోటీసు అందింది. 'తమరు దున్న తలపెట్టిన భూమిలో ఇరవై మూడు కుటుంబములు నివసించుచున్నవి. వానిని నిరాశ్రయులను చేసినచో చర్యలు తప్పవు.' ఆయన నోటీసు పట్టుకుని వచ్చి, "నర్సమ్మా, నాకు కళ్ళు కనపడటంలేదా? పరీక్ష చెయ్యి" అన్నాడు. చేసింది. కళ్ళు బాగానే ఉన్నాయి.

కంచెకు కాపలాగా ఊరి కోటయ్యను పెట్టారు. అరవై ఏళ్ళ మనిషి, పూర్వం పంచాయతీలో నీళ్ళు వదిలేవాడు. పొద్దున్నే రాళ్ళు లెక్కపెట్టి, 'కుటుంబాలు క్షేమం' అని యాప్‌లో నొక్కడమే ఆయన పని.

అది కొన్నాళ్ళు సాగింది. ఈలోపు పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది. పొయ్యి ఉన్నంత మాత్రాన కుటుంబం ఉన్నట్టేనా, అది వాడుకలో ఉండాలి కదా అని. దక్షిణామూర్తి గారు ఒక పూటంతా ఆలోచించి, పొయ్యిలన్నీ వాడుకలో ఉంచవలసిందిగా కోటయ్యను ఆదేశించారు. ఆనాటి నుంచి కోటయ్య రోజూ ఇరవై మూడు పొయ్యిలు రాజేసేవాడు. ఒక్కోదాని మీద కాసేపు గిన్నె పెట్టి ఫొటో తీసేవాడు. ఉత్త గిన్నె పెట్టినా యాప్ ఊరుకోదు, పొంగు కనపడాలి. అందుకని ప్రతి పొయ్యి మీదా గుప్పెడు బియ్యం వేసి ఉడికించి, పారేయడానికి మనసొప్పక తినేవాడు.

అప్పుడే దక్షిణామూర్తి గారికి ఇంకో సంగతి స్ఫురించింది. ఒకే పొయ్యిపై వండుకొని భుజించువారు ఆ కుటుంబ సభ్యులు. కోటయ్య ఇరవై మూడు పొయ్యిల మీద వండుకొని భుజిస్తున్నాడు. కాబట్టి కోటయ్య ఇరవై మూడు కుటుంబాల సభ్యుడు.

"నర్సమ్మా, నన్ను ఇరవై మూడుసార్లు పరీక్ష చెయ్యాలంట" అని కోటయ్య సబ్‌సెంటరు గుమ్మంలో కూలబడ్డాడు.

కృపావతి ఒకసారి చేసి ఇరవై మూడుచోట్ల రాస్తానంది. యాప్ ఒప్పుకోలేదు. ప్రతి పొయ్యి దగ్గరా విడిగా పట్టీ చుట్టి గాలి కొట్టి చూడాలట. చూసింది. కోటయ్యకు బీపీ ఉంది. పొద్దుటి నుంచి పొగ పీల్చి, రోజుకు ఇరవై మూడు గుప్పెళ్ళ అన్నం తినేవాడికి బీపీ కాక ఏం వస్తుంది? పొయ్యి పొయ్యికీ అంతో ఇంతో పెరుగుతూ పోయింది.

నెలాఖరు సమీక్షలో దక్షిణామూర్తి గారు గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. "వలస కుటుంబాలలో ఒక ఆశ్చర్యకరమైన వాస్తవం వెలుగుచూసింది. ప్రతి కుటుంబంలోనూ అరవై ఏళ్ళ పురుషుడు ఒకడున్నాడు. ప్రతి ఒక్కడికీ రక్తపోటే. ఉప్పు తగ్గించుకోవలసిందిగా ఇరవై మూడు సలహా పత్రాలు జారీచేశాం. ఇరవై మూడూ అందుకున్నట్టు సంతకాలున్నాయి." అందరూ చప్పట్లు కొట్టారు.

కృపావతి చెయ్యెత్తింది. "సార్, పదిహేడో పొయ్యిలో ఒక టీబీ కేసుంది. ఇంకా మందు మొదలుపెట్టలేదు."

"పదిహేడో పొయ్యిలో సభ్యుడు హాజరుగా ఉన్నాడు కదమ్మా?"

"ఉన్నాడు సార్, కోటయ్య. జబ్బు ఆయనకు కాదు."

"అదృష్టం" అన్నారు దక్షిణామూర్తి గారు, తరవాతి బొమ్మకు వెళుతూ. "కుటుంబ స్థాయిలో చూస్తే పరిస్థితి సంతృప్తికరం."

ఆ తరవాత ఆయన అసలు శుభవార్త చెప్పారు. వచ్చే సోమవారం రాజధాని నుంచి పరిశీలక బృందం వస్తోంది. ఒక్క వలస కుటుంబాన్ని కూడా జారవిడుచుకోని తొలి జిల్లాగా జ్ఞాపిక ఇవ్వబోతున్నారు.

*

ఆ ఆదివారం పొద్దున్నే ఈరన్న నుంచి ఫోను వచ్చింది. "మేడమ్, ఉరుకుందమ్మ చేన్లోనే కూలబడింది. దగ్గితే నెత్తురు పడతాంది. మీరు మందు వస్తాదని చెప్పినారంట. రోజూ దోవ చూస్తాంది. మందు వస్తాదని చెప్పిన మనిషి ఒట్టిగా చెప్పదు అంటాంది."

కృపావతికి ఒళ్ళు మండిపోయింది. ముందు దక్షిణామూర్తి గారి మీద, ఆ తరవాత తన మీద. రిజిస్టరులో సర్పంచి గారి తల్లి పేరు రాసుకున్న రోజుల్లోనే నయం. అప్పుడు పేరు అబద్ధమైనా బిళ్ళ నిజంగా నోట్లో పడేది. ఇప్పుడు పేరు నిజం, నంబరు నిజం, ఫొటో నిజం, బిళ్ళ మాత్రం పెట్టెలో ఉంది.

మందుల పెట్టె చంకన పెట్టుకుని బీడు దగ్గరకు వెళ్ళింది. కోటయ్య పంతొమ్మిదో పొయ్యి ఊదుతున్నాడు.

"కోటయ్య బాబాయ్, కంచె తలుపు తియ్యి. పదిహేడు తీసుకుపోతున్నా."

కోటయ్య గొట్టం పక్కన పెట్టాడు. "ఏం తీసుకుపోతావ్?"

"రాళ్ళు. మూడూ."

"తాళం పగలగొట్టుకుంటే పోలా? గొడ్డలి తెస్తా ఉండు."

"పగలగొడితే ఈ నెల మందు వస్తుంది. వచ్చే నెలది రాదు. ఆరు నెలలు మింగాలి ఆ పిల్ల."

కోటయ్య వెళ్ళి పదిహేడో నంబరు రాళ్ళ మీద చెంబెడు నీళ్ళు పోశాడు. అవి సుయ్‌మన్నాయి. "ఇందాకే రాజేశాను, కాలతాయి" అంటూ గోనెలో చుట్టాడు. "తీసుకుపో అమ్మా. నేను ఇరవై రెండు ఇళ్ళ అల్లుడిగా బతుకుతాలే, ఒకటి తగ్గితే నా పొట్టకే సుఖం."

ఊళ్ళో మస్తాన్ ఆటో మాట్లాడుకుంది. మూడు రాళ్ళూ వెనక సీటులో పెట్టి తాను ముందు కూర్చుంది. గతుకుల్లో రాళ్ళు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతుంటే మస్తాన్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

"ఇవేంటి నర్సమ్మా?"

"కుటుంబం" అంది కృపావతి. అతను గతుకుల దగ్గర వేగం తగ్గించాడు.

గరికమళ్ళ చేల గట్టున గుడారం ముందు ఉరుకుందమ్మ గోనె మీద పడుకుని ఉంది. ముఖంలో రెండు కళ్ళే మిగిలాయి. ఈరన్నా మస్తానూ రాళ్ళు దించుతుంటే తల ఎత్తి చూసి, లేచి కూర్చుంది.

"అక్కా, ఇవి మా రాళ్ళు కదా!"

"మీవే."

"ఇంత దూరం మోసుకొచ్చినావా? మేమే వద్దని వదిలిపెట్టి వచ్చినాం కదక్కా."

"మిమ్మల్ని తప్ప అన్నిటినీ చూసుకునే సర్వే అమ్మా మాది. నువ్వు ఆ రాళ్ళ పక్కన కూర్చో, ఫొటో తీయాలి."

కృపావతి రాళ్ళను అ, ఆ, ఇ వరసలో అమర్చింది. ఉరుకుందమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. యాప్ రాళ్ళను ఇట్టే గుర్తుపట్టింది. మనిషిని గుర్తుపట్టడానికే నాలుగుసార్లు తీయాల్సి వచ్చింది, రెండు నెలల్లో అంతగా చిక్కిపోయింది. నాలుగోసారికి అంకెలు వచ్చాయి. పెట్టె తెరుచుకుంది. కృపావతి బిళ్ళలు అరచేతిలో పెట్టి, నీళ్ళ చెంబు అందించి, గొంతు దిగేదాకా చూస్తూ కూర్చుంది. అప్పుడు ఎందుకో ఆమెకు ఏడుపు వచ్చింది. మిరప ఘాటు అనుకోమని ముఖం తిప్పుకుంది.

ఆ తరవాత ఆటోలో ఉరుకుందమ్మను గరికమళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. కంప్యూటరు వద్దనక ముందే, "చిరునామా ఈ ఊరు వచ్చేసిందండీ. చేల గట్టున ఉంది, కావాలంటే చూసుకోండి" అంది. ఆయన చూడలేదు, నవ్వి సూది మందు వేశాడు.

*

సోమవారం పరిశీలక బృందం వచ్చింది. కంచె చూశారు, వల చూశారు, కోటయ్య బీపీ చూశారు. రాళ్ళు లెక్కపెట్టారు. అరవై ఆరు. మళ్ళీ లెక్కపెట్టారు. అరవై ఆరే. పదిహేడో నంబరు చోట కాస్త బూడిద ఉంది. జ్ఞాపిక అట్టపెట్టెలోంచి బయటకు రాకుండానే కారెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు కృపావతికి మెమో అందింది. 'పై అధికారుల అనుమతి లేకుండా ఒక కుటుంబమును మూడు భాగములుగా ఆటోలో తరలించిన కారణముగా మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపవలెను.' ఆమె ఒక్క వాక్యంలో సమాధానం రాసింది. 'పొయ్యి ఉన్నచోటే చిరునామా అని తమరు సెలవిచ్చినందున, మందు చేరవలసిన చోటికి చిరునామాను చేర్చితిని.' నిర్వచనానికి ఎదురు చెప్పడం దక్షిణామూర్తి గారి వల్ల కాదు. ఆ ఫైలు ఆయన బల్ల మీద నెలల తరబడి అలాగే ఉంది.

ఎండాకాలం ముదరగానే ముఠా సొంతూరికి వెళ్ళిపోయింది. ఆ ఏడు లారీలో పట్టలు, కర్రలు, గోనెలతోపాటు మూడు నల్లరాళ్ళు కూడా ఎక్కాయి. నెల నెలా ఉరుకుందమ్మ ఊరి నుంచి కృపావతి ఫోనుకు ఒక ఫొటో వచ్చేది. పొయ్యి, పక్కన ఉరుకుందమ్మ. కృపావతి దాన్ని యాప్‌లోకి ఎక్కించి, అంకెలు ఫోనులో చదివేది, తరవాతి పెట్టె పార్శిలు కట్టి పంపేది. ఆ ఫొటో ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది యాప్‌కు అక్కర్లేదు, రాళ్ళ ముఖాలు సరిపోతే చాలు. మూడో నెల ఫొటోలో రవికె చేతులు వదులుగా లేవు. అయిదో నెల ఫొటోలో ఒక చిన్నపిల్ల కూడా దూరి పళ్ళికిలించింది.

సర్వే నివేదిక దసరాకు ముందు అచ్చయింది. ఈసారీ రంగులు బాగున్నాయి. దాని నూట పన్నెండో పేజీలో ఉంది: 'జిల్లాలో గుర్తించిన మొత్తం పొయ్యిలు, నాలుగు వేల పై చిలుకు. యథాస్థానములో ఉన్నవి, ఒకటి మినహా అన్నియు. వలస వెళ్ళిన కుటుంబములు, ఒకటి.' దాని కిందనే ఇంకో వరస. 'వలస కుటుంబములలో చికిత్స పూర్తయి వ్యాధి నయమైనవారు, నూటికి నూరు శాతం.' ఆ వరస చూపించి దక్షిణామూర్తి గారు ప్రమోషను తెచ్చుకున్నారని విన్నాం.

ప్రమోషను మీద వెళ్ళేముందు ఆయన ఒక పని మాత్రం మరిచిపోలేదు. పదిహేడో నంబరు కుటుంబపు మూడు భాగాలనూ తక్షణం స్వాధీనపరచుకుని యథాస్థానంలో ఉంచవలసిందిగా కృపావతికి ఆఖరి ఉత్తరువు పంపించారు. ఆమె ఉరుకుందమ్మకు ఫోను చేసి, ఆ ఉత్తరువు మొత్తం చదివి వినిపించింది. అవతల గిన్నె మూత కదిలిన చప్పుడు, పిల్ల నవ్వు, పొయ్యి ఊదుతున్న శబ్దం. ఊదిన తరవాత దగ్గు వస్తుందేమోనని కృపావతి చెవి రిక్కించి విన్నది. రాలేదు.

"రాళ్ళు అడుగుతాండారా అక్కా?" అంది ఉరుకుందమ్మ. "పొయ్యి మింద అన్నం ఉడుకుతాంది. దించినాంక చూద్దాంలే అని రాయి."

కృపావతి కాగితం తీసుకుని, ఆ మాట ఉన్నదున్నట్టు రాసి, కింద సంతకం పెట్టింది.